పోలరాజు సీడీ, జగదాంబ పంతం

టాటానగర్‌లో గోల్‌మురి బజారులో కూరగాయల వరస దాటాక, సైకిల్ రిపేరు షాపు పక్కన ఒక చిన్న దుకాణం ఉంది. అందులో కూర్చునే మనిషి పేరు జగదాంబ. యాభై మూడేళ్లు. ఎడమ మణికట్టుకి ఎప్పుడూ ఒక పట్టీ ఉంటుంది, దానినుంచి సన్నటి తీగ బల్ల కిందకి దిగి ఎర్తింగుకి కలుస్తుంది. కొత్తవాళ్లు చూసి ఏదో జబ్బుకి కట్టుకుందనుకుంటారు. ఒంట్లో పుట్టే కరెంటు చేతిలోని వస్తువుని చంపకుండా కట్టుకునే పట్టీ అది. ఇప్పుడామె బాగుచేసేవి ఎక్కువగా మిక్సీలు, ఇన్వర్టర్లు, ఇండక్షన్ పొయ్యిలు. అయినా పాతవాళ్లకి మాత్రం ఆమె ‘సీడీ జగదాంబే’.

నాన్న సన్యాసిరావు టాటానగర్ స్టేషన్‌లో సిగ్నల్ ఫిట్టర్. టెక్కలి వైపు నుంచి వచ్చిన మనిషి. కూతురు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతానంటే బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు గానీ ఆయన వేసుకోలేదు. “సిగ్నల్ లివరు ఆడా మగా చూత్తాదేటి?” అన్నాడట. ఇరవైనాలుగు మంది బ్యాచిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. చదువయ్యాక సాక్చీలో జయప్రకాష్ బాబు రేడియో షాపులో పనికి కుదిరింది. మొదటి ఏడాదంతా మూల కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్లకి తీగ చుట్టడమే పని. సీడీ ప్లేయర్లు అప్పుడప్పుడే పెద్ద ఆఫీసర్ల క్వార్టర్ల నుంచి రిపేరుకి వస్తుండేవి. వాటిని జయప్రకాష్ బాబు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

తొంభై ఆరు జనవరిలో ఒకరోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు జగదాంబ ముట్టుకుంది. చలికాలం, ఒంటి మీద నైలాన్ చీర, పైన ఉన్ని స్వెట్టరు. ప్లేయర్‌లోంచి పికప్పు, అంటే బజారులో అందరూ ‘లెన్స్’ అనే ముక్క, బయటికి తీసి చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టింది. అంతే. చిటుక్కుమన్న చప్పుడు కూడా వినలేదు. ఆ ప్లేయరు మళ్లీ పాడలేదు.

ఆయన తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. పాడైన ఆ పికప్పుని విప్పి భూతద్దం కింద పెట్టి చూడమన్నాడు.

“ఆ మిణుకు కనబడుతోందా? ఉప్పురవ్వలో సగం ఉండదు. లేజర్ అదే. నీ చీరలోని కరెంటు దాని గుండె కాల్చేసింది.”

“ఇంత చిన్నదా?” అంది జగదాంబ. కుతూహలం ఏడుపుని తోసేసింది.

కలకత్తాలో ట్రైనింగుకి వెళ్లినప్పుడు విన్నదంతా ఆయన ఆ మధ్యాహ్నం ఆమెకి చెప్పాడు. తొలిరోజుల్లో ఈ లేజర్లని గడ్డకట్టించే చలిలో ముంచితే గానీ వెలిగేవి కావట. డెబ్భైలో కొందరు శాస్త్రవేత్తలు వేర్వేరు స్ఫటికాల పొరల్ని శాండ్‌విచ్‌లా పేర్చి, మామూలు గది వేడిలో ఎడతెగకుండా వెలిగేలా చేశారట. వెలిగాయి గానీ బతకలేదు. స్ఫటికంలో ఎక్కడో చిన్న లోపం ఉంటే అది నల్లగీతలా పాకి కాసేపట్లో ఆర్పేసేది. నిమిషాలు బతికేదాన్ని గంటలకి, గంటల్ని ఏళ్లకి లాక్కొచ్చారు. ఎందరో మనుషులు, ఎన్నో దేశాల్లో. “అంతమంది పట్టుబట్టి బతికించిన దాన్ని నువ్వు ఒక్క సెకనులో చంపావు” అని ముగించాడు జయప్రకాష్ బాబు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది జగదాంబకి జీవితాంతం గుర్తుండిపోయింది.

తరవాత ఆమె సురేష్‌ని పెళ్లాడింది. ఆటో నడుపుతాడు, నిదానస్తుడు. రెండువేల మూడులో గోల్‌మురిలో సొంతంగా దుకాణం పెట్టుకుంది. అప్పటికి వీధి వీధినా వీసీడీలు. ఆ వెనకే డీవీడీలు. సీడీని చదివే వెలుగు కంటికి కనబడదు, ఎరుపుకి కూడా అవతల ఉంటుంది. డీవీడీది కంటికి కనిపించే ఎరుపు. వెలుగు అల పొడవు తగ్గిన కొద్దీ చుక్క చిన్నదవుతుంది, చుక్క చిన్నదైతే అదే పళ్లెం మీద ఎక్కువ రాత పడుతుంది. ఇది ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. రెండు రకాల పికప్పులూ విప్పి, డిస్కుల మీది హరివిల్లు పక్కపక్కన పెట్టి చూసి తెలుసుకుంది. ఇంకా చిన్న చుక్కతో చదివే నీలం వెలుగుది, బ్లూరే, ఒకే ఒక్క ప్లేయరు వచ్చింది ఆమె దగ్గరకి. బాగుచేసి రెండు రోజులు అట్టేపెట్టుకుని మరీ ఇచ్చింది. ఆ తరవాత పెన్ డ్రైవులొచ్చాయి, ఫోన్లొచ్చాయి. డిస్కుల పనే పోయింది. తోటి మెకానిక్కులు పాత పికప్పుల్ని తుక్కులో వేశారు. జగదాంబ వేయలేదు. ఎందుకని సురేష్ అడిగితే, “పని చేసేదాన్ని పారేయడానికి నాకు చేతులు రావండీ” అంది.

ఈ మధ్యన, మే నెలలో, ఊరు ఉడికిపోతున్న ఒక సోమవారం పొద్దున్న దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పేరు శైలజ, బారిడీహ్ నుంచి వచ్చానంది. సంచిలోంచి కాగితం కవరు తీసింది. అందులో ఒక సీడీ.

“ఆంటీ, దీన్ని కోయీ నహీ పఢ్ పా రహా, ఎవరూ చదవలేకపోతున్నారు. బిష్టుపూర్‌లో మూడు షాపులు తిరిగాను. డిస్క్ మర్ గయా అంటున్నారు.”

“ముందు కూర్చోవమ్మా. ఇందులో ఏటున్నాదో చెప్పు.”

శైలజ చెప్పింది. వాళ్ల నాన్న పోలరాజు కాంట్రాక్టు క్రేన్ ఆపరేటరు. పదిహేడేళ్ల కిందట తలలో రక్తనాళం ఉబ్బి చిట్లింది. దక్షిణాదిన ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, ఆ నాళానికి చిన్న లోహపు క్లిప్పు వేశారు. మనిషి బతికాడు, మళ్లీ క్రేన్ ఎక్కాడు. ఇప్పుడు రెండు నెలలుగా కాళ్లలో పట్టు తప్పుతోంది. నెలకిందట గోడ పట్టుకుని నడిచేవాడు, ఈ వారం మంచం దిగాలంటే ఇద్దరు పట్టాలి. వెన్నులో ఏదో పెరుగుతోందని డాక్టరు అనుమానం. ఎమ్మారై తీస్తే గానీ తేలదు. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. తలలో ఉన్న క్లిప్పు ఏ లోహమో తెలియకుండా ఆ అయస్కాంతంలోకి మనిషిని పంపనంటాడు డాక్టరు. పాత రకం ఉక్కు క్లిప్పయితే లోపల కదిలి ప్రాణం తీస్తుంది.

“కాగితాలుంటాయి కదా?”

“చెదలు తినేశాయి. ఆస్పత్రికి ఫోన్ చేద్దామంటే అది మూతపడి తొమ్మిదేళ్లయింది. ఈ సీడీ ఒక్కటే ఉంది. డాక్టరు శుక్రవారం దాకా చూద్దామన్నారు. ఆ తరవాత వెన్నులోకి మందెక్కించి వేరే పరీక్ష చేస్తారట. నాన్న రక్తం పలచబడే మాత్రలు వాడతారు కదా, అందులో రక్తం కారే ఖతరా ఉందన్నారు.”

జగదాంబ డిస్కుని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఇంట్లో కంప్యూటరు మీద రాసే రకం. అడుగు వైపు లేతాకుపచ్చ రంగు అంచుల్లో కాస్త పాలిపోయింది. ఎవరో మెరుగు పెట్టబోయి చేసిన గీతలున్నాయి. కానీ రాసిన భాగమంతా ఉంగరంలా తేటగా కనబడుతోంది.

“చావలేదమ్మా. దీన్ని చూసే కన్ను చచ్చింది” అంది.

తన కంప్యూటర్లో పెట్టి చూసింది. డ్రైవు గిరగిరా తిరిగి ఆగిపోయింది. డీవీడీ పెడితే అదే డ్రైవు చక్కగా చదివింది. ఆమె మూత విప్పి, పాత ఫోను ముందు కెమెరాని పక్కనుంచి పికప్పు మీదకి పట్టింది. మామూలు కంటికి కనబడని ఆ వెలుగు ఫోన్లో ఊదారంగు చుక్కలా కనిపించాలి. ఉందా లేదా అన్నంత మసగ్గా ఉంది.

“డీవీడీ కన్నుతో దీన్ని చదవలేమా ఆంటీ?”

“డీవీడీది ఎరుపు. ఈ ఆకుపచ్చ రంగుకీ ఆ ఎరుపుకీ పడదు, వెలుగు తిరిగి రాదు. దీన్ని చదవడానికి పాత వెలుగే కావాలి. ఇప్పటి డ్రైవుల్లో రెండు లేజర్లుంటాయి గానీ సీడీ లేజర్ని ఎవరూ వాడరు కదా, అది పాతబడి ఆరిపోయినా ఎవరికీ తెలీదు. ఆ మూడు షాపుల్లోనూ అదే అయ్యుంటాది.” అని డిస్కుని కవరులో పెట్టింది. “బుధారం రా. ఖాళీ చేతుల్తో పంపనమ్మా.”

ఆ మాట అనేశాక తనకే కొంచెం భయం వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

సొరుగులో పికప్పులు పన్నెండున్నాయి. వాటిలో పది పాటల ప్లేయర్లవి, రెండే రెండు కంప్యూటరు డ్రైవులకి సరిపడేవి. మొదటిది బిగించింది. తిరిగింది, చదవలేదు. పైన కంపెనీ పేరున్న నకిలీ సరుకు. రెండోది అసలైనది గానీ ముసలిది. సోమవారం సాయంత్రానికి దాన్ని బిగించి, పట్టీ ఇంకోసారి బిగించుకుని, ఒంటి కరెంటు తగలకుండా రక్షణగా వేసి ఉన్న సోల్డరు బొట్టుని కరిగించి తీసింది. డ్రైవు తిరిగింది, తడబడింది, ఆగింది. లేజర్ బలం చాలడం లేదు. బలం పెంచే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, గోరుకొన కంటే చిన్నది. దాన్ని వెంట్రుకవాసి తిప్పింది. ఇంకో వెంట్రుకవాసి.

తెర మీద పేర్లు వచ్చాయి. స్కాన్లు ఒక ఫోల్డరు, ఆపరేషన్ నోట్సు ఒక ఫైలు, ఇంప్లాంట్ అని ఇంకో ఫైలు.

జగదాంబ ఇంప్లాంట్ ఫైలుని ఎంచుకుంది. ఆ ఫైలుని కాపీ చేయమంది. కొంచెం కదిలి ఆగింది. ఇంకాస్త బలమిస్తే పని అయిపోతుందనిపించింది. స్క్రూ మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఫోను కెమెరాలో ఊదా చుక్క ఒక్కసారి మెరిసి ఆరిపోయింది.

ఫోను బల్ల మీద బోర్లించింది. కట్టుకున్న పట్టీ వల్ల లాభమేమిటి, ఈసారి చంపింది ఒంటి కరెంటు కాదు, తన ఆత్రం. సురేష్ ఆటో ఆపి లోపలికొచ్చాడు. “ఏటైనాదే?” అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన నీళ్ల సీసా ముందు పెట్టి, “రేపు ఎక్కడెక్కడికి వెళ్లాలో సెప్పు. ఆటో నీదే” అన్నాడు.

జగదాంబ ముందు శైలజకి ఫోన్ చేసింది. “అమ్మా, ఫైలు ఉన్నాది, పేరు కనబడింది. కానీ నా తొందర వల్ల లేజర్ కాలిపోయింది. తప్పు నాదే. డిస్కుకి ఏటీ కాలేదు. నేను వదల్ను.”

“ఆంటీ, ఫైలు ఉంది కదా, బస్, అది చాలు” అంది శైలజ. “అది ఉందని మాకు ఈరోజు దాకా తెలీదు.”

ఇరవయ్యేళ్ల పాటు తన దగ్గర డ్రైవులు బాగుచేయించుకున్న వాళ్లందర్నీ జగదాంబ గుర్తు చేసుకుంది. ఆమెకి కావలసింది మామూలు డ్రైవు కాదు. సీడీ రాసే పాత రైటరు. రాయాలంటే రంగుని కాల్చాలి, కాబట్టి ఆ లేజర్ బలమైనది. పైగా ఒకే పనికోసం చేసినది. మంగళవారం పొద్దున్నే బయలుదేరారు. గోల్‌మురిలో ఇద్దరి ఇళ్లు చూశారు, ఎప్పుడో అమ్మేశామన్నారు. బారిడీహ్‌లో ఒకరింట్లో పెట్టె దొరికింది గానీ లోపల ఎలుకలు తీగలన్నీ కొరికేసి, పికప్పు మీద గూడు పెట్టాయి. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. సురేష్ చెరకురసం దగ్గర ఆపబోతే వద్దంది. “సోనారిలో కల్పనక్క ఉన్నాది. ముందు అక్కడికి.”

కల్పన సంగీతం టీచరు. డెబ్భై దగ్గర పడుతోంది. ఒకప్పుడు పిల్లల పాటలు రికార్డు చేసి సీడీలు రాసి ఇచ్చేది. ఆ కంప్యూటరు ఇప్పుడు ముందుగదిలో, పైన గుడ్డ కప్పి, దానిమీద తులసి కుండీ పెట్టి ఉంది.

“జగదాంబా! ఇది వెలగక పదేళ్లయింది. నీకెందుకే?” అంది.

జగదాంబ పోలరాజు సంగతి చెప్పింది. కల్పన కుండీ తానే ఎత్తి పక్కన పెట్టింది. “విప్పుకో. రెండువేల రెండులో కొన్నాను. ఎప్పుడూ దుమ్ము పడనివ్వలేదు” అంది.

దుమ్ము పడలేదు, నిజమే. కానీ ట్రే కదిలించే రబ్బరు బెల్టు జీడిపాకంలా కరిగి అంటుకుపోయింది. పట్టాల మీది గ్రీజు మైనంలా గడ్డకట్టింది. లెన్స్ మీద పొర. ఆటోలో దుకాణానికి తెచ్చి, మధ్యాహ్నమంతా జగదాంబ దాన్ని ముక్కముక్కలుగా విప్పి స్పిరిట్‌తో తుడిచి, కొత్త గ్రీజు రాసి, క్యాసెట్ ప్లేయరు బెల్టుని కత్తిరించి అతికించి బిగించింది. బలం పెంచే స్క్రూ జోలికి వెళ్లలేదు. దాని మీద చిన్న టేపు ముక్క అంటించింది, తన చెయ్యి మీద తనకే నమ్మకం లేక.

సాయంత్రం నాలుగింటికి డిస్కు పెట్టింది. పేర్లు వచ్చాయి. కాపీ మొదలైంది, సగం దాటింది, ఆగింది. మళ్లీ పెడితే ఇంకా ముందే ఆగింది. మూడోసారి పేర్లే రాలేదు. రేకుల కప్పు కింద దుకాణం పొయ్యిలా ఉంది. డ్రైవుని తాకి చూస్తే చెయ్యి కాలింది.

జగదాంబ వెంటనే తీగ లాగేసింది. లేజర్ వేడెక్కిన కొద్దీ ఎక్కువ కరెంటు అడుగుతుంది, వెలుగు తక్కువిస్తుంది. ఇంకో గంట మొండికేస్తే ఇదీ పోతుంది. నిన్నటి పాఠం చాలు.

“ఆపేత్తన్నావా?” అన్నాడు సురేష్.

“లేదు. రేపు తెల్లారగట్ల వత్తాను. చల్లగా ఉన్నప్పుడు దీని పని దీన్ని చేయనిత్తాను.”

బుధవారం తెల్లవారి అయిదింటికి దుకాణం షట్టరు ఎత్తింది. టేబుల్ ఫ్యాను తిప్పి డ్రైవు మీదకి పెట్టింది. డిస్కు తిరిగే వేగాన్ని ఉన్నదాంట్లో అతి తక్కువకి దించింది. ఒకేసారి అంతా లాగకుండా, చిన్న చిన్న ముక్కలుగా చదివి, చదవలేనివి వదిలి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చే ప్రోగ్రాము పెట్టింది. పది నిమిషాలు చదవడం, ఐదు నిమిషాలు ఆపడం. ఆరింటికి ఆపరేషన్ నోట్సు వచ్చేసింది. అందులో క్లిప్పు వేశామని ఉంది గానీ ఏ రకమో లేదు. ఇంప్లాంట్ ఫైలు ఒక ఫొటో. పైన పోలరాజు పేరు, వయసు, తేదీ. కింద సగం బూడిదరంగు. క్లిప్పు పెట్టె మీది స్టిక్కరు ఎక్కడ అంటించి ఉంటుందో ఆ చోటే బూడిద.

ఏడింటికల్లా శైలజ వచ్చేసింది. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. జగదాంబ డిస్కుని తీసి, ఒక పావు వంతు తిప్పి మళ్లీ పెట్టింది. బూడిదలో రెండు గీతలు తగ్గాయి. మళ్లీ ఆపి, చల్లార్చి, మళ్లీ తిప్పి పెట్టింది. ఇంకో నాలుగు గీతలు. డిస్కు మీద మెరుగు పెట్టబోయి చేసిన గీతల్ని దాటడానికి లేజర్ ఒక్కోసారి ఒక్కోచోట తడబడుతోంది. అంటే ఒక్కోసారి ఒక్కో ముక్క దొరుకుతుంది. ఓపికే కావాలి. మిక్సీ తెచ్చిన ఒకాయన వాకిట్లో నిలబడితే, “ఆజ్ నహీ, కల్ ఆయియే” అని తలెత్తకుండానే రేపు రమ్మంది.

పదకొండో సారి స్టిక్కరు అంచు కనబడింది. ఎండ పైకెక్కుతోంది. శైలజ తన దుపట్టా తడిపి షట్టరుకి వేలాడదీసింది. పద్నాలుగో సారి అక్షరాలు వచ్చాయి, చివరి రెండు అంకెలు తప్ప. పదహారో సారి అవీ వచ్చాయి. తయారు చేసిన కంపెనీ పేరు, మోడలు, లాట్ నంబరు, దాని కింద చిన్న అక్షరాల్లో టైటానియం.

శైలజ జగదాంబ ముంజేతిని గట్టిగా పట్టుకుంది.

“ఏడుపు తరవాత. ముందు డాక్టరుకి పంపు” అంది జగదాంబ. అని తను కళ్లు తుడుచుకుంది.

డాక్టరు వాళ్ల మాట మీదే వెళ్లలేదు. ఆ నంబరు కంపెనీకి పంపి, వాళ్లు రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా ఆగాడు. గురువారం మధ్యాహ్నం జవాబొచ్చింది. శుక్రవారం పోలరాజుని ఎమ్మారైలోకి పంపారు. వెన్నెముక మధ్యలో నరాన్ని నొక్కుతూ ఒక కణితి ఉంది. కాన్సరు కాదు. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే కాళ్లు తిరిగి వచ్చేవి కావన్నాడు డాక్టరు. ఆ మరుసటి బుధవారమే ఆపరేషన్ చేశారు.

ఎడమకాలు పూర్తిగా కుదురుకోలేదు. క్రేన్ ఇక ఎక్కలేడు. కానీ ఆగస్టుకల్లా చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాడు. ఒకసారి దుకాణానికి వచ్చి, పికప్పుని భూతద్దంలో చూపించమన్నాడు. చాలాసేపు చూసి, “ఇంత చిన్నదా అమ్మా నన్ను లేపి నడిపించింది?” అన్నాడు. జగదాంబ ఆయన చొక్కా జేబులో ఒక కార్డు పెట్టింది. దానిమీద క్లిప్పు మోడలు, నంబరు, అన్నీ అచ్చేసి ప్లాస్టిక్ వేయించి ఉన్నాయి. “ఇది మీ ఒంటి మీదే ఉండాల. ఇకమీదట ఎవరూ దీనికోసం ఎతకకూడదు” అంది.

కల్పన రైటరు వెనక్కి తీసుకోలేదు. డాక్టరు తన దగ్గరకొచ్చే పాత రోగులందరికీ, ఇంట్లో ఆస్పత్రి సీడీలుంటే వెంటనే గోల్‌మురిలో కాపీ చేయించుకోండి అని చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి నెలలోనే పదకొండు మంది వచ్చారు. తొమ్మిది డిస్కులు చదివింది. రెండిట్లో రంగే పోయింది, వాటిని తిరిగి ఇస్తూ ఆ సంగతి దాచకుండా చెప్పింది. ఇంకో రెండు పాత రైటర్లు వెతికి తెచ్చి శుభ్రం చేసి, పక్కన పెట్టుకుంది. ఇప్పుడు తెల్లవారి అయిదు నుంచి ఎనిమిది దాకా డిస్కులకి, ఎనిమిది తరవాత మిక్సీలకి. ఆ వేళలో పిలిస్తే జగదాంబ పలకదు. అది తెలిసే సురేష్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా ఆటో దగ్గరికి వెళ్లిపోతాడు.